ఫోన్‌లో సూదమ్మ చెప్పిన మాట

ఆ ఆస్పత్రిలో సిస్టర్లు పదకొండుమంది. "సూదమ్మ ఎక్కడ?" అని అడిగితే మాత్రం ఎవరైనా షుగరు వార్డు చివరన, బరువు చూసే మెషీను పక్కనున్న చిన్న గదినే చూపిస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో ఆమెది ఒకటే పని. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో రోగులకు నేర్పడం. ముందు స్పాంజి ముక్క మీద పొడిపించి, చెయ్యి కుదిరాకే ఒంటి మీద వేయిస్తుంది.

"బొడ్డుకి రెండు వేళ్లు అవతల. నిన్న పొడిచిన చోట ఇవాళ పొడవకండి. సీసాని గిలక్కొట్టకండి, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి." ఈ మాటలు ఎన్ని వేలసార్లు చెప్పిందో ఆమెకే లెక్క లేదు. సూది చూసి కళ్లనీళ్లు పెట్టుకున్న ఒక లారీ డ్రైవరుతో, "ఇంత మీసం పెట్టుకుని ఇంత సూదికి ఏడుస్తారేంటండీ బాబూ!" అందట. ఆ పెద్దమనిషి ఏడుపు మరిచి నవ్వేశాడు.

ఆమె తన తమ్ముడింట్లోనే ఉంటుంది. ఒకరోజు ఆ తమ్ముడి భార్య ఆస్పత్రికి వచ్చి, ఆమె పాఠం చెబుతుండగా ఫోన్‌లో వీడియో తీసి నెట్‌లో పెట్టింది. వారం తిరక్కుండా పరిగెత్తుకుంటూ వచ్చింది.

"వదినా, నిన్ను నాలుగు లక్షలమంది చూశారు!"

"నాలుగు లక్షలా! ఆ కోటుకి పై గుండీ కూడా లేదు కదే!"

గుండీ కుట్టించుకుంది గానీ వీడియోలు ఆపలేదు. రెండేళ్లలో నలభై దాకా చేశారు. ఊరూ పేరూ తెలియనివాళ్లు వీడియోల కింద సందేహాలు రాసేవాళ్లు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఆమే జవాబు రాసేది.

ఒక సోమవారం పొద్దున పది గంటలకు ఒకావిడను స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఆరేళ్ల కిందట ఆమెకు సూది వేసుకోవడం నేర్పింది సూదమ్మే. ఇప్పుడు కళ్లు తెరవడం లేదు. మైళ్లు పరిగెత్తి వచ్చినట్టు ఎగశ్వాస తీస్తోంది. నోటి దగ్గర మురిగిన పండ్ల వాసన. షుగరు ఎంతుందో మెషీను అంకె కూడా చూపించలేకపోయింది. డాక్టరు సెలైను పెట్టిస్తుంటే సూదమ్మ ఆవిడ కూతురిని పక్కకు పిలిచింది.

"చివరిసారి సూది ఎప్పుడు వేశారమ్మా?"

"మానేసి తొమ్మిది రోజులైంది కదండీ."

"మానేశారా? ఎవరు మానమన్నారు?"

ఆ అమ్మాయి ఆమె మొహంలోకి వింతగా చూసింది. "మీరే కదండీ."

సూదమ్మ తను సరిగా వినలేదేమో అనుకుంది. ఆ అమ్మాయి ఫోన్ తీసి చూపించింది.

అదే గది. అదే స్పాంజి ముక్క. గుండీ లేని అదే కోటు. తెరమీద ఉన్నది తనే. గొంతూ తనదే, ఆ "అండీ బాబూ" కూడా తనదే. "ఇన్నేళ్లూ మీకు అబద్ధం చెప్పానండీ బాబూ. నన్ను క్షమించండి. సూది మీకు అక్కర్లేదు. ఈరోజే ఆపేయండి. ఈ పొడి పొద్దునొక చెంచా, సాయంత్రమొక చెంచా వేసుకుంటే చాలు..." చివర్లో తెరమీది మనిషి కళ్లు తుడుచుకుంది.

సూదమ్మ చేయి తనకు తెలియకుండానే తన పెదాల మీదికి వెళ్లింది. ఒక్క క్షణం, ఎప్పుడైనా ఎక్కడైనా నేనే ఇలా అన్నానా అని తన మీద తనకే అనుమానం వచ్చింది.

"మీరు ఏడ్చారండీ. అందుకే అమ్మ నమ్మింది," అంది ఆ అమ్మాయి.

కబురందుకుని తమ్ముడి భార్య వచ్చి వీడియో చూసింది. "ఎవరో పొడి అమ్ముకోవడానికి నీ వీడియోలన్నీ కంప్యూటరుకి మేపి, నీ మొహం, నీ గొంతు తయారుచేసి అతికించారు వదినా. ఇప్పుడు అది పెద్ద పనేం కాదట," అంది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. వీడియో తీసేయమని రాశారు. ఒకచోట తీసేస్తే మూడుచోట్ల మొలిచింది.

మూడోరోజుకు బట్టలు కుట్టే ఆవిడ కళ్లు తెరిచింది. గండం గడిచింది, సెలైనుతో ఎక్కించే ఇన్సులిన్ ఆపి ఇక సూదులు మొదలుపెట్టమన్నాడు డాక్టరు. సూదమ్మ సిరంజి పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లగానే ఆవిడ రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది.

"వద్దు."

"నేనమ్మా, సూదమ్మని."

"తెలుసండీ. ఇక్కడ డాక్టర్లు వింటారని మీరు ఇలా అంటున్నారు. ఫోన్‌లో నిజం చెప్పేశారు కదా."

"ఆ మనిషి నేను కాదమ్మా!"

"మీ మొహం నాకు తెలీదా? మీ గొంతు నాకు తెలీదా?"

సూదమ్మ సిరంజిని ట్రేలో పెట్టేసింది. ఎదురుగా ఊపిరితో నిలబడ్డ తనకంటే, తెరమీది ఆ బొమ్మే ఆవిడకు నిజం. ఏ మాట చెప్పినా చెప్పేది ఈ నోటితోనే, ఈ గొంతుతోనే కదా!

ఆమె మంచం చుట్టూ తెర లాగింది. కోటు అంచు పైకెత్తి పొట్ట చూపించింది. చర్మం నిండా సన్నని చుక్కలు, అక్కడక్కడా గట్టిపడిన బుడిపెలు. తనకూ షుగరుందని, రోజుకు రెండుపూటలా సూది వేసుకుంటుందని ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు. తన జబ్బే తగ్గించుకోలేనిది మనకేం చెబుతుందని రోగులు అనుకుంటారేమోనన్న భయంతో పదిహేడేళ్లు దాచింది.

"ఇదిగో, ఇది ఇవాళ పొద్దున వేసుకున్నది. సూది అక్కర్లేదని నమ్మితే నేనెందుకు పొడుచుకుంటానమ్మా?"

ఆవిడ చేయి చాపి ఆ చుక్కల మీద వేళ్లతో తడిమింది. సూదుల సంగతి బాగా తెలిసిన వేళ్లవి.

"కుట్లు విప్పిన గుడ్డలా ఉందండీ మీ ఒళ్లు," అంది. అని, తన దుప్పటి తనే పక్కకు తీసింది.

మర్నాడు సూదమ్మ తమ్ముడి భార్యను పిలిచి వీడియో తీయమంది. కెమెరా ముందు తన పొట్టకు తనే సూది వేసుకుంది. "ఎవరి మొహం చూసీ మందు మానకండి, చివరికి నా మొహమైనా సరే," అని చెప్పి వార్డు ఫోన్ నంబరు ఇచ్చింది. దొంగ వీడియో చూసినవాళ్లలో పదోవంతు కూడా దీన్ని చూడలేదు. అయినా ఫోన్లు వచ్చాయి. సూదులు మానేసి ఇంట్లో కూర్చున్న ముప్పై ఒక్కమందిని మందలించో, బతిమాలో దారికి తెచ్చింది.

ఆ వారంలోనే ఒకాయన ఫోన్ చేశాడు. మెత్తని గొంతు.

"ఆ పొడి వీడియో మీది కాదాండీ?"

"కాదండీ. మీరు సూది మాని ఎన్నాళ్లైంది?"

"నాకు కాదండీ, మా తమ్ముడికి. పోయిన బుధవారం పోయాడు." అన్నాడాయన. "మీది కాదన్నమాట. సరేనండీ."

అంతే, ఫోన్ పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. సూదమ్మ రిసీవరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. బయట వరుసలో ఉన్నవాళ్లు తలుపు తట్టేదాకా లేవలేదు.

ఆ దొంగ వీడియో చేసినవాళ్లు దొరకలేదు. బట్టలు కుట్టే ఆవిడ మళ్లీ మిషను ఎక్కింది. సూదమ్మ ఆ గదిలోనే ఉంది, పాఠం చెబుతూనే ఉంది. కానీ కొత్తగా వచ్చినవాళ్లెవరైనా, "మిమ్మల్ని ఫోన్‌లో చూశామండీ," అని సంబరంగా అంటే ఆమె నవ్వదు. చేతిలోని సిరంజి కింద పెట్టి, వాళ్లకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

"ఏం చెప్పానండీ నేను? మొత్తం చెప్పండి, ఒక్క ముక్క వదలకుండా," అంటుంది.