చెరిపేసిన గీత

మా పిన్నీ నేనూ ఎమ్మెస్సీలో ఒకే క్లాసు. పిల్లలు బడికి వెళ్ళే వయసొచ్చాక మళ్ళీ చదువు మొదలెట్టిన మనిషి. క్లాసులో అందరికీ 'పెద్దక్క'. భౌతిక రసాయన శాస్త్రం ప్రాక్టికల్ ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానేస్తానని బాబాయికి మాటిచ్చింది. ఎవరడిగారు ఆ మాట? ఆయనైతే అడగలేదు.

పిన్నిది అంతా నెమ్మది. బ్యూరెట్ గొట్టంలోంచి క్షారాన్ని బొట్టు బొట్టుగా వదిలి, లేత గులాబీ రంగు తేలేదాకా ఊపిరి బిగబట్టి చూసేది. "పెద్దక్కా, తెల్లారిపోతుంది" అని పక్కబల్లవాళ్ళు నవ్వేవాళ్ళు. పైకి తనూ నవ్వేది. ఇంటికెళ్ళే దారిలో మాత్రం, "సిగ్గేస్తోందే, మీ ఈడు పిల్లల మధ్య నేనేంటి?" అనేది.

"నవ్విన నాపచేనే పండుతుంది పిన్నీ" అనేదాన్ని. నా మాట ఎక్కడ వింది కనక.

పరీక్షలో ఏడాదంతా చేసిన ప్రయోగమే వచ్చింది. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో సీసా పెట్టి, అందులో ఎస్టర్ అనే రసాయనం ఎంత వేగంగా విడిపోతోందో కొలవాలి. కొలతలతో గ్రాఫు గీసి, గీత వాలును బట్టి వేగం చెప్పాలి. రావాల్సిన అంకె అందరికీ కంఠతా వచ్చు.

పిన్నికి అందులో సగమే వచ్చింది. పక్కకి చూసింది. అందరి గీతలూ అచ్చం పుస్తకంలోలాగే ఉన్నాయి. అవి ఎలా వచ్చాయో నాకు తెలుసు. నాకూ సగమే వచ్చింది, తిరగరాసే ఓపిక లేక వదిలేశాను. పిన్ని చెవులు ఎర్రబడ్డాయి. గీత చెరిపేసి, పుస్తకంలోని అంకె నుంచి వెనక్కి లెక్కగట్టి, కొలతలన్నీ మార్చి కొత్త గీత గీసింది.

బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ కాగితాన్ని వెలుతురుకెత్తి చూశాడు.

"పొద్దున నేనే తొట్టి వేడి పది డిగ్రీలు తగ్గించానమ్మా. థర్మామీటరు అందులోనే వేలాడుతోంది, ఒక్కరూ చూడలేదు. చల్లబడ్డ నీళ్ళలో ఇంత వేగం ఎలా వచ్చింది?"

ఆయన చెరిపిన గీత ఆనవాలు మీద వేలు పెట్టాడు. "సరైనది ఇదీ. ఇంత పొందిగ్గా కొలిచినవాళ్ళు ఈ గదిలో ఇంకొకరు లేరు. ఎందుకు చెరిపారు?"

"అందరికీ వచ్చింది నాకు రాలేదని సిగ్గేసింది సార్."

పక్కబల్లలవాళ్ళు రబ్బర్ల కోసం తడుముకుంటున్నారు. ఎవరూ నవ్వలేదు. "చెరిపినదానికి మార్కులు వెయ్యలేనమ్మా" అన్నాడాయన. కోప్పడినా బాగుండేది.

నేను బద్ధకం పుణ్యమా అని గట్టెక్కాను. దారంతా పిన్ని మొహంలోకి చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు. తనూ తలెత్తలేదు.

గుమ్మంలోనే బాబాయి అడిగాడు. "ఏమైంది? లెక్క తప్పిందా?"

"లేదండీ. సరిగ్గానే వచ్చింది, నేనే చెరిపేశాను."

ఆయనకి అర్థం కాక నా వంక చూశాడు. జరిగింది చెప్పాను. "పోనీలే, మళ్ళీ రాద్దువుగాని. మానేస్తానని మాటివ్వమని నేనడిగానా?" అన్నాడు.

పిన్ని చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది.

"ఇచ్చాను కదండీ. దాన్నీ చెరిపెయ్యమంటారా?"