పోయొస్తానని చెప్పే చెయ్యి

మా అమ్మాయి గంగాదేవికి పుట్టినప్పటి నుంచి చెవులు వినబడవు, మాటా రాలేదు. నేనూ అదీ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. చిన్నప్పుడు బడికి పోతూ చెయ్యి ముందుకు ఊపి ఊరుకునేది. ఇంట్లోంచి పోయేవాళ్ళు ‘పోతా’ అనకూడదు కదా, ‘పోయొస్తా’ అనాలి. అది దానికెట్లా తెలుస్తుంది? అందుకని ఊపిన చేతిని మళ్ళీ గుండెల దగ్గరికి తిప్పడం నేర్పించాను. దానికి నవ్వు వచ్చేది. అయినా ఏనాడూ మరచిపోలేదు.

పెద్దయ్యాక హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పని దొరికింది. సూపర్‌వైజర్ పిలిస్తే తెలియడానికి దాని మిషన్ మీద ఎర్ర బల్బు పెట్టారు. లైనులో ఆడపిల్లలంతా సైగలు నేర్చుకున్నారు.

“గంగ వచ్చినాక సూపర్‌వైజర్ను తిట్టుకునేది సులువైందత్తా. వాని ఎదురుగానే తిడతాండాం, వానికేం అర్థం కాదు” అనేది పక్కింటి ప్రమీల. అదీ ఆ లైనులోనే.

చిక్కంతా బస్సుతోనే. మా ఇల్లు పెనుకొండ దాటినాక పెద్ద రోడ్డు పక్కన. కంపెనీ బస్సు అవతలి వైపు ఆగి హారన్ కొట్టేది. లారీల మధ్య రోడ్డు దాటాలి. నేను దాటిస్తానంటే గంగ విదిలించుకునేది, నేనేమన్నా చిన్నపిల్లనా అని. ప్రమీల పట్టుకుంటే మాత్రం చెయ్యి ఇచ్చేది.

బస్సును మా వైపు ఆపమని అడగడానికి ఒకసారి ఫ్యాక్టరీకి పోయాను. ఆఫీసులో చైతన్య అనే అబ్బాయి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

“అమ్మా, గేటు లోపల చేయగలిగిందంతా చేస్తాండాం. ఒక్కరి కోసం బస్సు తిప్పితే అందరికీ లేటవుతాది.”

“దానికి హారన్ వినపడదు నాయనా.”

“రోడ్డు మాది కాదు కదమ్మా.”

మర్యాదగానే చెప్పాడు. అందులో ఏ మాట తప్పో నాకు తెలియలేదు. ఇచ్చిన టీ తాగి లేచాను.

బయట డ్రైవర్ లింగప్ప నవ్వాడు. “ఏమ్మా, దిగొచ్చి నీ కూతుర్ని ఎత్తుకొని ఎక్కించమంటావా? నా నడుము ఎవరు చూస్తారు?”

నేనూ నవ్వాను.

చలికాలంలో ఒక పొద్దున ప్రమీలకు జ్వరమని తెలిసేసరికి గంగ రోడ్డు దగ్గరికి పోయి ఉంది. బస్సు కదులుతోంది. గంగ చంకలో బ్యాగు, చేతిలో క్యారియర్. నా వైపు తిరిగి రెండో చెయ్యి ముందుకు ఊపింది. వెనక్కి తిప్పలేదు. పరుగెత్తింది.

నేను అరిచాను. ఎవరికి వినబడాలని అరిచానో. దాని మీదికి వచ్చిన లారీ హారన్ మాత్రం ఊరంతా విన్నది.

ఇప్పుడు బస్సు మా వైపే ఆగుతోంది. లింగప్ప ముందున్న మలుపులో తిప్పుకొని వస్తాడు. పొయ్యి మీది పాలు పొంగేలోపే వచ్చేస్తాడు. ఎవరికీ లేటు కావడం లేదు.

ప్రమీల ఎక్కే ముందు నా వైపు తిరిగి చెయ్యి ఊపుతుంది. మళ్ళీ గుండెల దగ్గరికి తిప్పుతుంది. తల ఊపి లోపలికి వచ్చేస్తాను.