జింక వేటకు పొట్టి తూటా

మెల్బోర్న్‌లో మాస్టర్స్ చేస్తున్నప్పుడు, రెండో ఏట, నాకు వేట పిచ్చి పట్టింది. అంతకుముందు తుపాకీని సినిమాలో తప్ప ఎక్కడా చూసిన దాన్ని కాదు.

నేను చదివేది పర్యావరణ శాస్త్రం. ఒకరోజు క్లాసులో కొన్ని ఫొటోలు చూపించారు. జింకలు బెరడు ఒలిచేసిన చెట్లు, తొక్కి తొక్కి రొచ్చు చేసిన వాగు ఒడ్డు. ఈ దేశానికి జింక పరాయి జంతువనీ, ఎవరో సరదాకి తెచ్చి వదిలితే అడవులన్నీ నిండిపోయాయనీ, లైసెన్సు ఉంటే వేటాడవచ్చనీ చెప్పారు. మన దగ్గర జింక మీద చెయ్యి వేస్తే జైలు. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

ఆ ఆదివారం చర్చిలో భోజనాల దగ్గర ఈ సంగతే చెబుతున్నాను. పక్కన కూర్చున్న అంకుల్ తినడం ఆపి నా వైపు తిరిగారు. ఆయనది పాలకొల్లు వైపు. ఏజ్‌డ్ కేర్‌లో, అంటే వృద్ధుల ఆశ్రమంలో నర్సు. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి.

"ఫొటోలు చూస్తే ఏం తెలుస్తాదమ్మా. నాతో రా, ఆ చెట్లే చూపిస్తాను."

"మీరు వేటకెళ్తారా అంకుల్?"

"వీకెండ్ షిఫ్ట్ లేకపోతే నేనుండేది అక్కడే కదా."

ఎదురుగా ఉన్న ఆయన భార్య, ఆంటీ, పెరుగు వడ్డిస్తూ నవ్వారు. "ఆయన్ని కదిపావు. ఇంక నీ చదువు అయిపోయినట్టే."

ఆమె చెప్పినంత పనీ అయింది. సేఫ్టీ కోర్సుకి వెళ్లాను, పరీక్ష రాశాను. లైసెన్స్ కార్డు చేతికొచ్చిన రోజున, ట్రుగనీనాలో నేనుండే షేర్ హౌస్‌లో అమ్మాయిలందరికీ అది తీసి తీసి చూపించాను. ఆ శనివారమే అంకుల్ నన్ను షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లారు.

ఆయన రైఫిల్ పెద్దది. అందులో వేసే తూటా నా చూపుడువేలి కంటే పొడుగు. మొదటిసారి పేల్చినప్పుడు ఎవరో గునపంతో భుజం మీద పొడిచినట్టయింది. రెండోసారి కళ్లు మూసుకున్నాను. కాసేపటికి నా గుళ్లు కాగితం మీద ఎక్కడా కనబడటం మానేశాయి. నాది బక్కపలచని ఒళ్లు. రైఫిల్ తన్నినప్పుడల్లా కుర్చీతో సహా వెనక్కి జరుగుతున్నాను.

అంకుల్ కాసేపు చూసి, "ఈసారి తూటా నేను పెడతాను. నువ్వు అటు చూడు," అన్నారు.

గురి చూసి ట్రిగ్గర్ నొక్కాను. క్లిక్‌మని చిన్న చప్పుడు. అంతే. కానీ గొట్టం మాత్రం జానెడు కిందికి దిగిపోయింది.

"లోపల ఏం పెట్టలేదమ్మా. పేలకముందే బెదిరిపోతున్నావు. పర్లేదు, అలవాటైపోద్ది. ఇంకా ప్రాక్టీస్ చెయ్."

నాకు అది అలవాటయ్యే వ్యవహారంలా అనిపించలేదు. మధ్యాహ్నం కారు డిక్కీ తెరిచి కూర్చుని, ఆంటీ కట్టిచ్చిన పులిహోర తింటూ ఆయన్ని అడిగాను.

"అంకుల్, మీరు కొట్టిన జింకల్లో అన్నిటికంటే దూరంగా ఉన్నది ఎంత దూరం?"

ఆయన స్పూను గాల్లో ఆపి ఆలోచించారు. "మన ఏరియా అంతా పొదలు కదా. దూరం ఎక్కడ కనబడుద్ది? ఎయిటీ మీటర్స్ ఉండొచ్చు."

"మరి మూడొందల మీటర్లు కొట్టే తూటా నాకెందుకు?"

ఆయన పులిహోర తినడం పూర్తి చేసి, చేతులు కడుక్కుని వచ్చాక, "నువ్వు అడిగింది కరెక్టే," అన్నారు.

ఇక ఆ వారమంతా నాకు అదే లోకం. టార్నీట్ స్టేషన్‌లో రైలెక్కి సిటీకి చేరేదాకా ఫోన్లో తూటాల గురించి చదవడమే. ఒక్కోదాని బరువెంత, ఎంత గట్టిగా తన్నుతుంది, ఎంత దూరంలో ఎంత బలం మిగులుతుంది. అసైన్‌మెంట్ కోసం కూడా నేనంత చదవలేదు. వెతికి వెతికి ఒకదాని దగ్గర ఆగాను. సెవెన్ సిక్స్‌టీ టూ బై థర్టీ నైన్. పేరు పొడుగు, తూటా పొట్టి. సైనికుల కోసం పుట్టినది. కానీ వేటకి మెత్తని సీసపు మొన ఉన్న రకం దొరుకుతుంది. లోపలికి దిగాక అది విచ్చుకుంటుంది కాబట్టి జంతువు బాధపడకుండా త్వరగా పోతుంది. వంద మీటర్ల లోపల ఫాలో జింకకి అది సరిపోతుంది. చట్టం కూడా ఒప్పుకుంటుంది. ఫాలో అంటే మన దుప్పి కంటే కాస్త చిన్న జింక.

ఫోన్ చేసి చెబితే అంకుల్ నవ్వారు. "అది వేరుశనక్కాయలా ఉంటాదమ్మా. దాంతో జింక పడుద్దా?"

కానీ మనిషి మంచివారు. రేంజ్‌లో ఒక పెద్దావిడ దగ్గర అలాంటి చిన్న రైఫిల్ ఉందని కనుక్కుని, వచ్చే శనివారం తెమ్మని ఆయనే అడిగి పెట్టారు. ఆవిడ నా చేతికి ఇస్తూ, "మోకాలి ఆపరేషన్ తర్వాత పెద్దదాన్ని మోయలేక దీనికి మారాను, మళ్లీ వెనక్కి వెళ్లాలనిపించలేదు," అంది.

ఎత్తగానే ఒళ్లు పులకరించింది. చంటిబిడ్డంత బరువు. పేల్చాను. భుజం మీద స్నేహితురాలు చిన్నగా తట్టినట్టుంది, అంతే. కళ్లు మూతపడలేదు. కాగితం మీద పడ్డ చిల్లు రైఫిల్ మీది స్కోపులోంచి నాకే కనబడింది. మళ్లీ, మళ్లీ పేల్చాను. వెళ్లి చూస్తే చిల్లులన్నీ టీ సాసరు పట్టేంత చోటులో ఉన్నాయి. అంకుల్ ఆ కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు.

"అయితే ఇదే. కానీ ఒక్క రూల్. హండ్రెడ్ దాటితే వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు."

చలికాలం మొదట్లో అలాంటిదే ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాను. అంకుల్ ఇంట్లో ఇనప సేఫ్‌లో ఉంచుకునేదాన్ని. సెలవులు ఇవ్వగానే బయల్దేరాం. బల్లరాట్ దాటాక ఆయనకి తెలిసిన ఒక రైతు పొలం ఉంది. ఆ ముసలాయన వేసిన ఆలివ్ మొక్కల్ని జింకలు మొదళ్ల దాకా కొరికేశాయి. "ఈ ఆర్వో వాగు వైపు కూర్చోండి, అటునుంచే వస్తున్నాయి," అని చెప్పి గేటు తీశాడు. ఆర్వో అంటే ఇక్కడివాళ్ల మాటలో మధ్యాహ్నం దాటిన వేళ.

పడిపోయిన మాను వెనక, బ్యాగు మీద రైఫిల్ ఆన్చి పడుకున్నాం. గాలి మా మొహాల మీదికి కొడుతోంది. వేళ్లు చలికి కొంకర్లు పోతున్నాయి గానీ గుండె మాత్రం పరుగెడుతోంది. సాయంత్రపు ఎండ పచ్చబడే వేళకి గట్టు మీదికి మంద వచ్చింది. అన్నీ ఆడ జింకలే, గోధుమరంగువి. నా జీవితంలో మొదటిసారి ఇలా బయట జింకల్ని చూడటం. ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను.

అంకుల్ దూరం కొలిచే బైనాక్యులర్ కళ్లకి పెట్టుకున్నారు. "నూట డెబ్భై," అన్నారు గుసగుసగా. ఒక్క క్షణం ఆగి, "కదలకుండా నిలబడింది చూడు. కొట్టేయొచ్చేమో," అన్నారు.

రూలు పెట్టిన మనిషే ఆశపడుతున్నారు. నాకూ ఆశగానే ఉంది. స్కోపులో జింక భుజం స్పష్టంగా కనబడుతోంది. అయినా అంత దూరంలో నా పొట్టి తూటా ఎక్కడ తగులుతుందో, తగిలి ఎంత నొప్పి పెడుతుందో నాకు తెలియదు. తల అడ్డంగా ఊపాను. మంద మేసుకుంటూ గట్టు అవతలికి దిగిపోయింది. అంకుల్ నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు విని ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడే వాగులో రాయి దొర్లిన చప్పుడు. ఎడమవైపు ఫెర్న్ పొదల్లోంచి ఒక జింక తల బయటికి పెట్టింది. తర్వాత మెడ. తర్వాత నాలుగు అడుగులు వేసి, ఆలివ్ మొక్క దగ్గర పక్కకి తిరిగి నిలబడింది.

"అరవై," అన్న మాట సగమే వినబడింది. సగం ఊపిరి వదిలి, భుజం వెనక గురి పెట్టి నొక్కాను.

జింక ఒక్క గెంతు గెంతి పొదల్లో మాయమైంది. నేను లేవబోతే అంకుల్ నా జబ్బ పట్టుకుని ఆపారు. "వెయిట్ చెయ్యమ్మా. తగిలింది." సంతోషం ఒళ్లంతా పొంగుతోంది, పట్టుకోలేకపోతున్నాను.

వెళ్లి చూస్తే, పొదల్లో, అది మాయమైన చోటికి బారెడు దూరంలోనే పడి ఉంది. అప్పటికే పోయింది. గుండెకి సూటిగా తగిలింది. మెడ మీద చెయ్యి వేస్తే ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి నా హడావుడంతా ఒక్కసారి సద్దుమణిగింది. అంకుల్ టోపీ తీసి చిన్న ప్రార్థన చేశారు. నేనూ కళ్లు మూసుకున్నాను.

తర్వాత చీకటి పడేలోగా చర్మం ఒలిచి, ముక్కలు కోసి ఐస్ పెట్టెల్లో సర్దాం. అన్నీ ఆయన నేర్పుతుంటే నా చేతులతో నేనే చేశాను. ఇంటికి వచ్చే దారిలో నోరు మూస్తే ఒట్టు. జింక ఎలా తల పెట్టింది, ఎలా తిరిగింది, నేనెలా ఆగాను, చెప్పిందే చెబుతున్నాను. అంకుల్ ఓపిగ్గా విని, "గాలి పీల్చుకోమ్మా, ఇంకా ఫార్టీ కిలోమీటర్స్ ఉంది," అన్నారు.

మర్నాడు ఆంటీ ఆ మాంసాన్ని అల్లం వెల్లుల్లి దట్టించి, మిరియాల కారం వేసి వేపుడు చేశారు. మా షేర్ హౌస్ అమ్మాయిలంతా వచ్చారు. గిన్నె అడుగు కనబడ్డాక ఆంటీ నా పళ్లెంలో చివరి ముక్క వేసి, "మళ్లీ ఎప్పుడెళ్తున్నారు?" అని అడిగారు. అంకుల్ అప్పటికే ఫోన్లో తన షిఫ్టుల రోస్టర్ తెరిచి చూసుకుంటున్నారు.