అరనూలు మేస్త్రీ చెడగొట్టిన అతుకు

నూట పాతికేళ్ల నాటి ఒక ఇంటిని డెబ్బై రెండేళ్ల వడ్రంగి తన రెండు చేతులతో చేశాడు. ఇందులో గోరంత అతిశయోక్తి కూడా లేదు.

సరే, గోరంత ఉంది. గోడలు ఆయన పుట్టకముందే లేచాయి. పునాదులతో ఆయనకి సంబంధం లేదు. పెంకులు ఎవరు పరిచారో ఆ పరిచినవాళ్లకే తెలియాలి. కానీ ఆ ఇంట్లో చెక్క అనేది ఎక్కడ కనిపించినా, తలుపైనా, కిటికీ అయినా, వరండా స్తంభమైనా, మేడ మెట్లైనా, పైకప్పుని మోసే వాసమైనా, అది ఆయన చిత్రిక కింద నుంచి వచ్చిందే. అడుగు మెట్టు ఒక్కటే పాతది. దాన్నీ మార్చేవాడే గాని, దాని మీద కూర్చునే ఎక్కాలు నేర్చుకున్నానని ఆ ఇంటి యజమానురాలు మొండికేసింది.

వీధిలో ఆయన్ని అరనూలు మేస్త్రీ అంటారు. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగం నూలు. అందులో సగం తేడా వచ్చిందని ఆయన వెనక్కి పంపిన చెక్కలతో ఇంకో వీధికి తలుపులు పెట్టొచ్చు. ఒకసారి డాక్టరుగారికి బీరువా చేసి ఇచ్చాడు. డాక్టరు దాని చుట్టూ తిరిగి చూసి, "పర్లేదు మేస్త్రీ, బాగానే ఉంది," అన్నాడు. "పర్లేదా?" అన్నాడు మేస్త్రీ. అంతే, బీరువాని వీపుమీద వేసుకుని ఇంటికి తెచ్చేసుకున్నాడు. డాక్టరు వారం రోజులు చుట్టూ తిరిగి, "అద్భుతం" అన్న మాట మూడుసార్లు అన్నాక గాని తిరిగి ఇవ్వలేదు. తన పనిని ఎవరైనా ఒక్క మాట తక్కువ చేస్తే ఆయనకి తిండి సహించదు. ఆయనకి వచ్చిన చిక్కంతా ఆ గుణంతోనే.

ఆ ఇంట్లో పని ఒక్క కిటికీ రెక్కతో మొదలైంది. అప్పుడాయనకి పాతికేళ్లు. వాన నీళ్లకి పుచ్చిపోయిన రెక్కని విప్పి చూస్తే లోపల ఒక్క మేకు లేదు. ఒక చెక్కకి నాలుకలా కుసి, ఇంకో చెక్కకి దానికి సరిపడే బెజ్జం, రెండూ ఒకదాన్నొకటి కరుచుకుని దాదాపు ఎనభై ఏళ్లు నిలబడ్డాయి. ఎవడయ్యా ఈ మహానుభావుడు, అనుకున్నాడు. పేరు ఎవరికీ తెలియదు. మేస్త్రీ ఆ మనిషికి పాతాయన అని పేరు పెట్టుకుని, ఆ రోజు నుంచే పోటీ మొదలుపెట్టాడు. చెదలు పట్టిన చోటల్లా, చెమ్మ తగిలిన చోటల్లా ఒక్కొక్క ముక్కే విప్పి, అచ్చం దానిలాంటిదే చేసి పెట్టాడు. కొత్త చెక్క ముట్టుకోలేదు. మూతపడ్డ మిల్లుల దూలాలు, పడగొట్టిన గోదాముల తలుపులు వెతికి తెచ్చి వాటిలోంచే కోశాడు. రంగు కలవకపోతే చిక్కటి టీ డికాషన్ పూశాడు. హాలు కిటికీల మీద చెక్కిన పువ్వులన్నింటికీ ఆరు రేకులుంటే, ఒక్కదానికి మాత్రం ఐదే ఉన్నాయి. మేస్త్రీ కూడా ఐదే చెక్కాడు.

"ఆ ఆరోది కూడా వేసెయ్యచ్చు కదండీ," అంది భార్య.

"పాతాయన తప్పు దిద్దడానికి నేనెవర్ని? ఆ రోజు ఆయనింట్లో ఏం గొడవైందో!"

"మనింట్లో అయ్యేదే అయ్యుంటుంది. పెళ్లాం పిలుస్తున్నా వినిపించుకోకుండా చెక్కుతూ కూర్చుని ఉంటాడు."

రిపేరు కంటికి కనిపించిందంటే చేసినవాడు ఓడిపోయినట్టేనని ఆయన నమ్మకం. అందుకని తనంతట తాను ఎవరికీ చెప్పలేదు. వీధివాళ్లు ఆయనేదో చిల్లర పనులు చేస్తున్నాడనుకున్నారు. ఎవరో ఒకరు కనిపెట్టి, "ఇది మీ పనా మేస్త్రీ?" అని అడిగితే అప్పుడు మీసం తిప్పి ఔనందామని నలభై ఏడేళ్లు ఎదురుచూశాడు. ఒక్కరూ అడగలేదు.

ఆ ఇల్లు టీచరమ్మదీ, ఆమె తమ్ముడిదీ. టీచరమ్మ రిటైరై అక్కడే ఉంటూ వరండాలో పిల్లలకి లెక్కలు చెబుతుంది. తమ్ముడికి ఊరి అవతల టైల్స్ కొట్టుంది. ఇల్లు పడగొట్టి ఆరంతస్తులు లేపాలని అతని కోరిక. అక్క ససేమిరా అంది. మాటలతో ఆగే మనిషి కాదని తెలిసి, ఇంటిని రక్షిత కట్టడంగా ప్రకటించమని మున్సిపాలిటీలో పాత కట్టడాల కమిటీకి అర్జీ పెట్టింది. ఒకసారి ప్రకటించారంటే ఇక ఎవరూ దాని మీద గునపం ఎత్తడానికి వీల్లేదు.

అర్జీ పెట్టిన మర్నాడు ఆమె మేస్త్రీ ఇంటి ముందున్న వర్క్‌షాపుకి వచ్చి, బల్ల మీద రంపపు పొట్టు దులుపుకుని కూర్చుంది.

"మేస్త్రీ, ఒక చిక్కొచ్చింది. రూలు చదువుతాను వినండి. 'మొదటి పనితనం కనీసం ముప్పాతిక వంతు నిలిచి ఉండాలి.' మనింట్లో మొదటిది ఎంత ఉందంటారు?"

మేస్త్రీ చెవిమీద పెన్సిలు తీసి లెక్క వేయబోయాడు. వేయడానికేముంది? అడుగు మెట్టు.

"మార్చారని ఎవరు చెబుతారమ్మా?"

"నేను అబద్ధం చెప్పను. అడక్కపోతే నిజమూ చెప్పను. నా భయమంతా మీ గురించే."

"నాకేమైంది?"

భార్య లోపల్నుంచి అందుకుంది. "ఏమైందా? పర్లేదన్నందుకే బీరువా మోసుకొచ్చిన మనిషి మీరు. ఇప్పుడు చెబుతున్నా వినండి. నోరు కుట్టుకుంటే ఇల్లుంటుంది, మీ పేరుండదు. నోరు విప్పితే మీ పేరుంటుంది, ఇల్లుండదు. ఏది కావాలో మీరే తేల్చుకోండి."

మేస్త్రీ చిత్రిక పట్టిన చెక్కనే మళ్లీ చిత్రిక పట్టాడు.

తర్వాతి వారం కమిటీ తరఫున ఒక ప్రొఫెసరు ఇల్లు చూడటానికి వచ్చాడు. సన్నటి మనిషి, మెడలో భూతద్దం. నిచ్చెన పట్టుకోవడానికి టీచరమ్మ మేస్త్రీని పిలిచింది. మేస్త్రీ వెంట ఆయన చొక్కా అంచు పట్టుకుని భార్య కూడా వచ్చింది.

ప్రొఫెసరు నిచ్చెనెక్కి కిటికీ మీద వేళ్లతో రాస్తూ కళ్లు మూసుకున్నాడు. "ఆహా! చెయ్యంటే ఇదీ! ఇలాంటి చెయ్యి వందేళ్ల కిందటే పోయింది. ఇప్పటి వడ్రంగులకి మేకులు కొట్టడం, జిగురు పూయడం తప్ప ఇంకేం వచ్చు?"

నిచ్చెన ఊగింది.

"గట్టిగా పట్టుకోవయ్యా!"

"పట్టుకున్నానండీ," అన్నాడు మేస్త్రీ పళ్ల సందుల్లోంచి.

"ఇదిగో, ఈ ఐదు రేకుల పువ్వు చూడండి. ఇది పొరపాటు. నకలు చేసేవాడెవడూ ఈ పొరపాటు ఉంచడు, దిద్దేస్తాడు. ఇది మొదటి చేతిపనే అనడానికి ఈ ఒక్కటి చాలు."

తన పనిని ఇంతలా మెచ్చుకున్న మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ఆ మెప్పంతా పాతాయన జేబులోకి పోతోంది. పొంగిపోవాలో మండిపడాలో తెలియక మేస్త్రీ మొహం కందగడ్డలా ఎర్రబడింది. భార్య చొక్కా అంచు ఇంకాస్త బిగించి పట్టుకుంది. చొక్కా చిరిగింది గాని ఆయన నోరు విప్పలేదు.

ఈ సంగతి తమ్ముడికి తెలిసింది. టీచరమ్మ కాక, చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లో మేస్త్రీ పని చేస్తుండగా చూసినవాడు అతనొక్కడే. నేరుగా వర్క్‌షాపుకి వచ్చాడు.

"మావయ్యా, నేనేం అబద్ధం చెప్పమనడం లేదు. కమిటీ ముందు నిజం చెప్పు చాలు. ఇదంతా నా పనే అను."

"అంటే?"

"అంటే నీ పేరు పేపర్లో వస్తుంది. పేరూ ఊరూ లేని ఆ పాతాయనకి ఎన్నాళ్లు ఊడిగం చేస్తావ్? కొత్త బిల్డింగు గేటు మీద నీ పేరు ఇంత ఇంత అక్షరాలతో చెక్కిస్తాను. ఒట్టు."

మేస్త్రీ చేతిలో ఉలి ఆగింది. నలభై ఏడేళ్లుగా వినాలనుకున్న మాట అది. ఇన్నాళ్లకి ఒకడు అది నీ పనే అన్నాడు. గొంతు దాకా ఔనన్న మాట వచ్చింది. కళ్ల ముందు గేటు కనిపించింది, దాని మీద పేరు కనిపించింది, ఆ గేటు వెనక గునపాలతో పెళ్లగించి కుప్పపోసిన కిటికీలు కనిపించాయి.

"నా పేరు చెక్కడానికి కూడా నువ్వు మిషన్ మీదే కోయిస్తావు కదరా," అన్నాడు. "పో, పోయి టైల్స్ అమ్ముకో."

తమ్ముడు ఊరుకోలేదు. అభ్యంతరం ఉందని కమిటీకి కాగితం పెట్టాడు. దాంతో కమిటీ ముగ్గురూ ఒక ఉదయం ఆ ఇంటి వరండాలోనే కుర్చీలేసుకుని కూర్చున్నారు. మేస్త్రీని పిలిపిస్తే భార్య కూడా వెంట వచ్చింది. గేటు దగ్గర వీధంతా మూగింది.

"ఇది పాతపని కాదండీ. అంతా ఈ మేస్త్రీ చేసిందే," అన్నాడు తమ్ముడు. "అక్కా, నువ్వు చెప్పు. మావయ్య ఇక్కడికి వచ్చేవాడా లేదా?"

"వచ్చేవాడు," అంది టీచరమ్మ. "టీ తాగేవాడు. ఆ కిటికీల కేసి చూసుకుంటూ కూర్చునేవాడు." అందులో ఒక్క మాట అబద్ధం లేదు.

ప్రొఫెసరు మేస్త్రీ వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఇది నీ పనేనా?"

"కాదండీ," అన్నాడు మేస్త్రీ.

"అయితే పరీక్ష పెట్టండి!" తమ్ముడు తెచ్చిన రెండు చెక్కముక్కలు ముందు పడేశాడు. "ఆ కిటికీ మూల అతుకు ఇక్కడే, మీ ఎదురుగా చేయమనండి. అలాంటి చెయ్యి ఇప్పుడు లేదన్నారు కదా! ఉందో లేదో మీరే చూడండి."

ప్రొఫెసరు సరేనన్నాడు. మేస్త్రీ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గీత గీశాడు. ఉలి పెట్టాడు.

చెయ్యి మాట వినలేదు. చెడగొడదామని ఎటు తిప్పినా ఉలి వెళ్లి బుద్ధిగా గీత మీదే నిలబడుతోంది. చేతకానట్టు చేయడం ఇంత కష్టమని ఆయనకి డెబ్బై రెండేళ్ల దాకా తెలియదు. చెమటలు కారాయి. చివరికి చేతిని తిట్టుకుని, గీతనే చెరిపి పక్కకి జరిపి గీసి, దాని మీద కొట్టాడు. కుసి సన్నబడింది, బెజ్జం వెడల్పయింది. రెండూ కలిపి పైకెత్తితే అతుకు ఊడిపోయే పన్నులా ఊగింది.

గేటు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

మేస్త్రీ తల ఎత్తి, తమ్ముడి కళ్లలోకి సూటిగా చూస్తూ, అందరికీ వినపడేలా అడిగాడు. "ఒక మేకు ఉంటే ఇస్తారా?"

వీధి వీధంతా గొల్లుమంది. ఎదురుగా ఉన్న ఫర్నిచరు కొట్టాయన కడుపు పట్టుకుని నవ్వాడు. "ఇన్నాళ్లూ మా మేకుల్ని తిట్టిపోశావు కదయ్యా! ఇదిగో తీసుకో, గుప్పెడు తీసుకో!"

మేస్త్రీ తీసుకున్నాడు. టకటకా నాలుగు కొట్టాడు. ఒకటి వంకరపోయింది కూడా.

"చాలా? ఇంకోటి చేయమంటావా?" అన్నాడు లేచి నిలబడి.

"కావాలనే చెడగొట్టాడు!" తమ్ముడు అరిచాడు. "ఇది నాటకం!"

"కావాలని పని చెడగొట్టేవాణ్నా నేను? అడుగు. ఈ వీధిలో ఎవర్నైనా అడుగు."

డాక్టరు గుంపులోంచి చెయ్యెత్తాడు. "అది మాత్రం నమ్మకండి బాబూ! ప్రాణం పోయినా ఈయన కావాలని పని పాడుచేయడు. దీన్నిబట్టి పాతకాలం అతుకుల్లో పాపం ఈయనకి ఇంతే వచ్చన్నమాట." అందరూ ఔనంటే ఔనన్నారు. మేస్త్రీ ఆ మాటలన్నీ తల దించకుండా విన్నాడు. భార్య మాత్రం కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

తక్కినవాళ్లు టీ తాగుతుంటే ప్రొఫెసరు ఆ అతుకుని భూతద్దంతో చాలాసేపు చూసి, మేస్త్రీ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"సందు నాలుగు పక్కలా ఒకే కొలతలో ఉంది. చేతకానివాడు ఇంత సమానంగా చెడగొట్టలేడు," అన్నాడు మెల్లగా.

మేస్త్రీ ఉలిని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు నిచ్చెన మీద ఒక మాట తొందరపడి అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. మొదటి పనితనం నిలిచి ఉందా అనే రూలు అడిగింది. నిలిచే ఉంది. ఎవరు నిలబెట్టారని రూలు అడగలేదు, నేనూ అడగను." అతుకుని సంచీలో వేసుకున్నాడు. "ఇది నాకు కావాలి."

"అది ఇవ్వనండీ. చెత్త పని," అన్నాడు మేస్త్రీ. అప్పటికే ప్రొఫెసరు గేటు దాటాడు.

ఇంటిని రక్షిత కట్టడంగా ప్రకటించారు. తమ్ముడు ఆరు నెలలు అక్కతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు. గేటు మీద ఇత్తడి పలక పెట్టారు. చెక్కపని పేరు తెలియని వడ్రంగిదని దాని మీద రాసి ఉంది. ఫర్నిచరు కొట్టాయన ఇప్పటికీ మేస్త్రీ కనిపిస్తే చాలు, "మేకులేమైనా కావాలా?" అని అడుగుతాడు.

ఈ కథ మొత్తం వినిపించి, నిజమేనా అని మేస్త్రీని అడిగితే ఆయన ఉలి కింద పెట్టి గయ్యిమన్నాడు.

"అంతా అబద్ధం. ఆ ఇంట్లో నేను నిచ్చెన పట్టుకున్నాను, టీ తాగాను. అంతే. పువ్వులేమిటి, రేకులేమిటి? నాకు పువ్వు చెక్కడమే రాదు. ఆ రోజు అతుకు చెడింది నాకు చేతకాకే. చేతకాలేదనే రాసుకోండి, పెద్ద అక్షరాలతో రాసుకోండి. కోర్టుకి పిలిచినా ఇదే చెబుతాను. అసలు నేను వడ్రంగినని మీకెవరు చెప్పారు?"