ఎడమచేతి ముడి

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో బిర్యానీ తెప్పించింది. నార్సింగి దగ్గర ఆకాశాన్నంటే మేడలో ఉంటాం మేము. లిఫ్టెక్కి అన్నం పైకి రావడం నాకింకా వింతగానే ఉంటుంది. సంచి మూతికి ఎవరో బిగించి ముడేశారు. నేను గోళ్ళతో దాన్ని విప్పుతూ కూర్చుంటే, ఆకలి మీదున్న పిల్ల "అమ్మమ్మా, జర కత్తెర తీస్కోరాదు! చల్లారిపోతుంది" అని విసుక్కుంది. ముడిని నేను కోయను. ఎవరు వేసిన ముడైనా విప్పాల్సిందే. ఇది నా చాదస్తమని ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకో మాత్రం ఎవరూ అడగలేదు.

మా ఊరు ఇక్కడికి కూతవేటు దూరం. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు ఏనుగులంతేసి రాతిగుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, గండిపేట వైపు పోయే బండ్ల బాట. నైజాం రాజ్యం చివరి రోజులవి. మా నాయన ఎడమచేతివాటం మనిషి. ఆయన వేసిన ముడి అందరి ముళ్ళకూ అడ్డంగా తిరిగి ఉండేది. బస్తా మూతి విప్పాల్సి వచ్చినప్పుడల్లా మా అమ్మ ఆయన్ని తిట్టుకుంటూనే విప్పేది. తిండి దగ్గరా అంతే పేచీ. కాకరకాయ వండిన పూట పళ్ళెం ముట్టకపోవడమే కాదు, ఆ వాసనకు ఇంట్లోనే ఉండేవాడు కాదు. కండువా దులిపి భుజాన వేసుకుని, పక్కింటికి పోయి దర్జాగా తినొచ్చేవాడు. అలాంటి మనిషి జనం రాజ్యం రావాలని సభలకు పోయేవాడు. పండిన గింజల్లో సర్కారు వాటా, లెవీ గల్లా, కొలవమని సర్కారు మనుషులు వస్తే, ధాన్యం గరిసెకు అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "నా పిల్లలు తిన్నంక మిగిల్తే కొలుస్త" అన్నాడు. మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. నాయనను ఎక్కిస్తున్నప్పుడు తలకు చుట్టుకున్న రుమాలు జారిపడితే వంగి తీసుకోనివ్వలేదు. దుమ్ములోంచి దాన్ని మా నాయనమ్మ తీసి దులిపింది.

ఆ తర్వాత ఊరికి నోరు పడిపోయింది. ఎక్కడో మోటారు చప్పుడు వినబడితే చాలు, తలుపులు మూసుకునేవి. నిప్పు కోసం పొద్దునా సాయంత్రం మా గడప తొక్కే ఇరుగుపొరుగు వాళ్ళు రావడం మానేశారు. నాయన పట్నం జైల్లో ఉన్నాడని మాత్రం తెలిసింది. కూరగాయల బండి తోలుకుని వారం వారం పట్నం పోయే మా మేనమామ చేత అమ్మ అన్నం మూట పంపేది. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం, ఆ రుమాలులోనే కట్టి. మామ పిరికివాడు. జవానుతో మాట్లాడవలసిన ఉర్దూ ముక్కలు దారంతా ఎద్దులకు అప్పజెప్పుకుంటూ పోయి, తీరా గేటు దగ్గర నోరు పెగలక మూట చాచి నిలబడేవాడు. మనిషిని చూడనిచ్చేవారు కాదు, చీటీ ముక్క రానిచ్చేవారు కాదు. ఖాళీ రుమాలు మాత్రం ముడేసి బయటికి పంపేవారు. ఆ ముడి అడ్డంగా తిరిగి ఉండేది. నాయనమ్మ దాన్ని గడప మీద పెట్టుకుని, వేళ్ళతో తడిమి తడిమి, ఎప్పటికో విప్పేది. ఆ పూట మా ఇంట్లో అందరికీ ఆకలయ్యేది.

ఒక వారం రుమాలు వచ్చింది, ముడి మారింది. నాయనమ్మ విప్పలేదు. "ఇది నా కొడుకు ముడి కాదు" అంది. అమ్మ మండిపడింది. "ముడి ఎవరేస్తే ఏంది అత్తా? రొట్టెలు తిన్నడు గద!" మరుసటి వారమూ అదే ముడి. మూట ఎవరు తింటున్నారో ఎవరికి తెలుసని మామ నసిగాడు. తెల్లారి అమ్మ కాకరకాయ కూర చేసి, రొట్టెల్లో చుట్టి కట్టింది. "ఆయన ఉంటే ఇది వాపస్ వస్తది" అంది. కూరకు కూర వాపసు రావాలని మేమంతా దేవుడికి మొక్కుకున్నాం. మామ బండి దిగకముందే ఆయన మొహం చూసి నాయనమ్మ కూలబడింది. రుమాలు ఖాళీ. ఒక్క ముక్క మిగల్లేదు.

అమ్మ ఏడవలేదు. బాయి దగ్గరికి పోయి గాజులు తీసింది, బొట్టు కడుక్కుంది, పుస్తె తీసి నాయనమ్మ ఒళ్ళో పెట్టింది. మూట పంపడం ఆగిపోయింది. చనిపోయిన మనిషికి రొట్టెలెందుకు?

రాజ్యం పోయింది, జైళ్ళు తెరిచారు. గుండ్ల మధ్య సీతాఫలాలు కళ్ళు తెరుస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం బండ్ల బాట మీద ఒకాయన నడిచి వచ్చాడు. మొదట మా కుక్క కూడా నాయనను గుర్తుపట్టలేదు. ఎడమచేతి వేళ్ళు విరిగి, వంకరగా అతుక్కుని ఉన్నాయి. ఎలా విరిగాయో ఆయన చెప్పలేదు, ఆ చెయ్యి చూశాక మాకూ అడగబుద్ధి కాలేదు. పక్కనున్న ఖైదీ చేత ముడేయించేవాడట.

"మరి కాకరకాయ?" అంది అమ్మ.

"ఆకలికి చేదు తెలుస్తదానె?" అన్నాడు. బోసిపోయిన ఆమె చేతులు చూశాడు. నాయనమ్మను, నన్ను, తమ్ముణ్ణి ఒక్కొక్కరినే తడిమాడు. "మూట ఆగిపాయె. ఊరిమీద పడి మిమ్ములనందరిని చంపిన్రనుకున్న. ఆడ్నే గోడకు మొకం పెట్టి మీకందరికి నీళ్ళిడిచిన" అన్నాడు. అప్పుడేడ్చింది అమ్మ.

మర్నాడు పెద్దమనుషులు మళ్ళీ పుస్తె కట్టమన్నారు. నాయన వంకరవేళ్ళతో దారాన్ని ఎంతసేపటికీ బిగించలేకపోయాడు. పెద్దల్లో ఒకాయన సాయానికి చెయ్యి చాస్తే నాయనమ్మ కసురుకుంది. చివరికి అమ్మే ఒక కొస పట్టుకుంది, ఆయన రెండో కొస లాగాడు. వదులుగా, అడ్డంగా పడిన ఆ ముడిని అమ్మ పోయేదాకా ఎవరినీ సరిచేయనివ్వలేదు.

బిర్యానీ సంచి ముడి చివరికి ఊడింది. మనవరాలు అప్పటికే కంచాలు సర్దింది, అన్నం సగం చల్లారింది. ఎవరి చేతిదో ఆ ముడి, అది వేసిన పిల్లవాడు భోజనం చేశాడో లేదో. ఇన్నేళ్ళయినా, విప్పిన ప్రతి ముడి దగ్గరా అది వేసిన మనిషి బతికి ఉన్నాడో లేడో అనే నాకు మొదట అనుమానం వస్తుంది. నా లోపల పడిన ఈ ఒక్క ముడిని కాలం విప్పలేకపోయింది.