మా ఇద్దరి నడుమే ఉండిపోయిన మాట

మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ పోయిన వారం కన్నుమూసింది. ఆ సంగతి చెప్పడానికి సెంటరు ఆయమ్మ నా కుట్టు దుకాణం దాకా వచ్చి, గడపలోనే కూలబడి ఏడ్చింది. నల్లగొండ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. ఆయమ్మకు మంచినీళ్లు ఇచ్చాను. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చాలాసేపు మిషను ముందు ఊరికే కూర్చున్నాను.

నా కొడుక్కి మాటలు వచ్చింది ఆమె చలవతోనే. నాలుగేళ్లు నిండుతున్నా వాడు "అమ్మ" తప్ప ఇంకో మాట పలికేవాడు కాదు. మా అత్త మొక్కని దేవుడు లేడు. టీచరమ్మ వాణ్ని రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన గొంతు మీద వాడి చెయ్యి పెట్టించుకుని "కాకి" అనేది, "కోడి" అనేది. వేళ్ల కింద మాట అదురుతుంటే వాడు కిలకిల నవ్వేవాడు. ఒక చలికాలం పొద్దున, గోడ మీద వాలిన కాకిని చూపించి వాడే "కాకి" అన్నాడట. ఆమె నన్ను పిలిపించి, వాడితో మళ్లీ అనిపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాకంటే ముందు ఏడ్చింది.

"పిల్లగానికి తిండి కన్న ముందు పేరువెట్టి పిలిచేటోళ్లు గావాలె" అనేది. ఏ పిల్లనూ ఆమె "ఏయ్" అని పిలవగా నేను వినలేదు. ఉడకబెట్టిన గుడ్డు పెంకు తీసి చేతిలో పెట్టేటప్పుడు కూడా పేరు పలికే పెట్టేది. ఏడ్చే పిల్లను ఊకో అనొద్దని, ముందు నీళ్లు తాపమని తల్లులకు చెప్పేది. ఇప్పుడు దుకాణానికి వచ్చే వాళ్ల పిల్లలు ఏడ్చినా నేను అదే చేస్తాను.

మా వాడు పెద్దబడికి పోయిన మరుసటి ఏడు, టీచరమ్మ సెంటరు పిల్లల్ని కేతేపల్లి దగ్గర మూసీ ప్రాజెక్టు చూపించడానికి తీసుకుపోదామనుకుంది. ఆయమ్మకు జ్వరం. తోడు రమ్మని అడిగితే దుకాణం మూసి బయలుదేరాను. మిగిలిపోయిన జాకెట్ గుడ్డతో పట్టీలు కత్తిరించాను. నేను చూసుకునే పిల్లల చేతులకు ఎర్రవి, ఆమె చూసుకునే పిల్లలకు పసుపువి కట్టాం. మా ఎదురింటి రేణుక కూతురు చిన్నికి పసుపు పట్టీ పడింది. రేణుక నాకు దోస్తు. పొద్దున చాయ్ మా ఇంట్లో తాగితే సాయంత్రం వాళ్లింట్లో తాగేవాళ్లం.

గేట్ల నుంచి దూకే నీళ్ల చప్పుడుకు ఒకడు నా కుచ్చిళ్లలో దాక్కున్నాడు. తక్కినవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. పులిహోర తినిపించాక నా వంతు పిల్లలకు చేతులు కడుగుతున్నాను. టీచరమ్మకు ఫోను వచ్చి, మాట్లాడుతూ పక్కకు నడిచింది. తిరిగి వచ్చేసరికి ఆమె పిల్లల్లో చిన్ని లేదు.

ఆమె నీళ్ల వైపు ఉరికింది. అప్పుడే చాయ్ తాగి వచ్చిన వ్యాను డ్రైవరుకు పిల్లల్ని అప్పజెప్పి నేను రోడ్డు వైపు ఉరికాను. మక్కకంకులు కాల్చి అమ్మే ఒక ముసలవ్వ పక్కన చిన్ని కూర్చుని, మూతంతా మసి చేసుకుని కంకి కొరుకుతోంది. ఎత్తుకుని వస్తుంటే టీచరమ్మ ఎదురొచ్చి పిల్లను గుంజుకుని, అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. ఆమె చేతుల్ని నేను పట్టుకున్నాను.

తిరుగు దారిలో పిల్లల చేతుల పట్టీలన్నీ విప్పి తన సంచిలో వేసుకుంది. గుడ్డపేలికైనా పారేసే మనిషి కాదు కదా అనుకున్నాను.

డ్రైవరు ముందే ఎవరికో ఫోను చేసినట్టున్నాడు, వ్యాను ఆగేసరికి రేణుక ఏడుస్తూ నిలబడి ఉంది. పిల్లను ఎవరు చూసుకోవాల్సిందని అడిగింది. టీచరమ్మ నా మొహం చూడలేదు.

"ఈ చెల్లెకు అప్పజెప్పిన. మల్ల నేనే పోయి దొరకవట్టుకొచ్చిన."

నేను కాదన్నాను. చిన్ని చేతి పసుపు పట్టీ చూపిద్దామంటే అది ఆమె సంచిలోకి పోయింది. రేణుక వినలేదు. టీచరమ్మ అబద్ధం ఆడుతుందని మా ఊళ్లో ఎవరు నమ్ముతారు? ఆ పూట నేనే ఆమెను నమ్మలేకపోయాను, పొరపాటున అన్నదేమో, రేపు దిద్దుతుందేమో అనుకున్నాను.

దిద్దలేదు. ఆగలేక సెంటరుకు పోయి అడిగాను. ఆమె బియ్యం ఏరుతోంది, చేతులు ఆపలేదు.

"నీకు మిషనుంది చెల్లె. నలుగురు నాలుగు మాటలన్నా అది నడుస్తది. నా నౌకరి గట్ల కాదు, పీకి పారేస్తరు."

"రేణుక నాతోని మాట్లాడుతలేదు టీచరమ్మా."

"మాట్లాడుతది. గా కోపం ఎన్నొద్దులుంటది? మనిద్దరి నడుమ ఉండనీ."

రేణుక ఇప్పటికీ మాట్లాడదు. జాకెట్లు కుట్టించడానికి రామన్నపేట పోతుంది. టీచరమ్మ మాత్రం దారిలో కనిపిస్తే ఏమీ జరగనట్టే మా వాడి చదువు ఎట్లుందని అడిగేది. వాడు ఎదురుపడితే గడ్డం పుణికేది. ఆ ప్రేమ నిజమైనదే. అందుకే నాకు మరీ కష్టంగా ఉండేది. ఆమె చెడ్డదైతే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

నిన్న సెంటర్లో ఊరంతా కూడి ఆమెను తలుచుకున్నారు. రేణుక లేచి, మూసీ కాడ ఆ తల్లి లేకుంటే నా బిడ్డ నాకు దక్కకపోవునని చెప్పి ఏడ్చింది. తల్లి భుజం దాకా ఎదిగిన చిన్ని పక్కన నిలబడి నేల చూసింది. తరువాత నన్ను మాట్లాడమన్నారు. కాకి సంగతి చెప్పాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాశాను. రేణుక చదువుతుందో లేదో.

జనం కదిలాక ఆయమ్మ చిన్న పిల్లల్ని అన్నానికి లోపలికి తెచ్చింది. టీచరమ్మ కుర్చీలో దండ వేసిన ఫోటో ఉంది. దాన్ని చూడగానే పిల్లలు ఎవరూ చెప్పకుండానే వరుసగా కూర్చుని, మఠం వేసుకుని, నోటి మీద వేలు పెట్టుకున్నారు. "ఇగ మాట్లాడుండ్రి" అని టీచరమ్మ అనేదాకా వేలు తీయకపోవడం వాళ్లకు అలవాటు. ఆయమ్మ పళ్లేల్లో అన్నం వడ్డించింది. పప్పు పోసింది. వాళ్లు ఫోటో వైపే చూస్తూ, వేళ్లు అట్లాగే పెట్టుకుని కూర్చున్నారు.