పోలయ్య చెయ్యి, నా స్టీరింగు

నేను స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి ముందు సంవత్సరం, జూన్ మొదటి వారంలో, నన్ను స్పెషల్ హైర్ డ్యూటీ మీద పడమటి కనుమలకు పంపారు. స్పెషల్ హైర్ అంటే బస్సును డ్రైవరుతో సహా అద్దెకివ్వడం. కండక్టరు ఉండడు, టిక్కెట్లు ఉండవు. బస్సు మాట్లాడుకున్నది వాకాడు మండలంలో సముద్రం ఒడ్డునున్న ఒక పల్లె. అప్పటికి వేట నిషేధం నడుస్తోంది. పడవలు ఇసుక మీదికి లాగేశారు, వలలు బాగుచేసుకోవడం కూడా అయిపోయింది. ఖాళీగా కూర్చోలేక ముప్ఫై ఎనిమిది మంది కలిసి కొండలూ అడవీ చూసి రావాలని బయల్దేరారు.

నన్నే ఎందుకు పంపారంటే, మా డిపోలో ఘాట్ సర్టిఫికెట్ ఉండి కూడా ఆ రోజు సెలవు పెట్టని మూర్ఖుణ్ణి నేనొక్కణ్ణే. కొండదారిలో బస్సు నడపడానికి శిక్షణ పొందినట్టు ఇచ్చే కాగితం అది. నాకది వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఆ తర్వాత నేనెక్కిన మహాపర్వతం నాయుడుపేట దగ్గర ఫ్లైఓవర్ ఒక్కటే. మిగతా సర్వీసంతా రొయ్యల గుంటల మధ్య, అప్పడంలాంటి చదును నేల మీద గడిచింది. ఈ సంగతి డిపో మేనేజరుగారికి విన్నవించుకుంటే, సర్టిఫికెట్‌కు గడువు లేదు కదా అన్నారు. నిజమే, కాగితానికి లేదు. నాకుంది.

ఎక్కడం బాగానే ఎక్కాం. ఒక్కో మలుపూ ఎంత పెద్దదంటే, బస్సు ముందు భాగం తిరిగి వచ్చి వెనక సీటువాళ్ళను పలకరించి పోయేది. జలపాతం చూశాం. నా వెనక సీటులో కూర్చున్న కావమ్మకు మాత్రం అది ఆనలేదు.

“ఇంత దూరం పీపాలో చేపల్లాగా కుక్కుకోని వచ్చింది నీళ్ళు చూసేదానికా? మనింటి ముందర లేవా?” అని మొగుణ్ణి నిలదీసింది.

ఆ మొగుడే పోలయ్య. అరవై దాటినవాడు. నలభై ఏళ్ళుగా పడవ ముందు భాగంలో నిలబడి, వెనక ఇంజను పట్టినవాడికి చేత్తో దారి చూపించడం ఆయన పని. ఆ పల్లెలో ఆయన చేతికున్నంత పరపతి కలెక్టరు సంతకానికి లేదు.

సాయంత్రం నాలుగున్నరకు దిగుడు మొదలుపెట్టాం. పై చెక్‌పోస్టు దగ్గర గార్డు రెండు మాటలు చెప్పాడు. కింది గేటు ఆరింటికి మూసేస్తారు. ఈలోగా అడవిలో ఎవరూ బస్సు దిగకూడదు, ఏనుగులు తిరుగుతున్నాయి. సరేనన్నాను. ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, న్యూట్రల్ చెయ్యకూడదు, బ్రేకును నమ్ముకోకూడదు. పద్దెనిమిదేళ్ళ నాటి పాఠాన్ని మంత్రంలా గొణుక్కుంటూ బయల్దేరాను.

అయిదారు మలుపులు దిగామో లేదో పొగమంచు కమ్మేసింది. మామూలు మంచు కాదు. వైపర్లు దాన్ని తుడవలేక పెరుగు చిలికినట్టు చిలికాయి. లోయ ఏ పక్కనుందో తెలియలేదు. ఎక్కుతున్నామో దిగుతున్నామో తెలియలేదు. బస్సు ఆపేశాను.

అప్పుడు నాకు పుట్టిన అయోమయం ఏమిటంటే, దారి కనిపించనప్పుడు ముందు ఒక మనిషి నడిచి సైగ చేస్తే తప్ప బస్సు కదపకూడదని మా రూలు. అడవిలో మనిషి దిగకూడదని వాళ్ళ రూలు. కదలకుండా కూర్చుందామంటే, వెనక పైనుంచి భోరుమని ఒక మోత వినపడింది. అది లారీయా, ఏనుగా అని బస్సులో ఓటింగు జరిగింది. లారీకి పదిహేను, ఏనుగుకు ఇరవై, ముగ్గురు దేవుడి పటానికి దండం పెట్టుకుంటూ తటస్థంగా ఉండిపోయారు. ఏదైనా సరే, మలుపులో నిలబడ్డ బస్సును వెనకనుంచి గుద్దితే ముప్ఫై ఎనిమిది మందీ నేనూ లోయలో ఉంటాం. కదలక తప్పదు.

“నేను దిగతా. ఇంతకంటే పెద్ద మంచు సముద్రంలో చూసినా” అన్నాడు పోలయ్య, తలకు తెల్ల తువ్వాలు చుట్టుకుంటూ.

దిగి, హెడ్‌లైట్ల ముందు మాకు వీపు పెట్టి నిలబడి, ఎడమ చెయ్యి చాచాడు. సైగ చేసేవాడు చెప్పినట్టు తిప్పాలి, ఎదురు ప్రశ్న వెయ్యకూడదని డ్రైవరుకు మొదటి రోజే నేర్పుతారు. నేను ఎడమకు తిప్పాను. టక్కుమంది. రోడ్డు అంచున పాతిన, సున్నం కొట్టిన రాయికి చక్రం తగిలింది, రాయి ఊడి లోయలోకి పోయింది. అది కింద పడిన చప్పుడు నాకింతవరకూ వినపడలేదు. ఇంకా పడుతూనే ఉందేమో.

హ్యాండ్‌బ్రేకు లాగి, రివర్స్ వేసి, నాలుగడుగులు వెనక్కి తీశాను.

కావమ్మ నా భుజం పట్టి కుదిపింది. “ఓ డ్రైవరన్నా, ఆ చెయ్యి చూసి తిప్పినావా? అది పడవ చెయ్యి! ఇంజను పిడి ఎడంపక్కకు తోస్తే పడవ కుడిపక్కకు పోతాది. ఆయన చూపించేది పిడి తొయ్యాల్సిన పక్క. నువ్వు రెండో పక్కకు తిప్పు!”

అర్థమైంది. ఇక ఆయన ఎటు చూపిస్తే దానికి వ్యతిరేకంగా తిప్పాలని నిశ్చయించుకున్నాను. ఇదే క్షణంలో వెనక కిటికీలోంచి ఆయన మేనల్లుడు శీనయ్య తల బయటికి పెట్టి అరిచిన సంగతి, ఇంజను రొదలో నాకు తెలియలేదు.

“మామా, ఇది పడవ కాదు, బస్సు! యా పక్కకు పోవాల్నో ఆ పక్కే చూపించు!”

తర్వాతి మలుపులో పోలయ్య బుద్ధిగా కుడి చెయ్యి చూపించాడు. నేనూ బుద్ధిగా ఎడమకు తిప్పాను. ఈసారి తగలడానికి రాయి కూడా లేదు. చక్రం కింద కంకర జారుతున్న చప్పుడు, వెనక ముప్ఫై ఎనిమిది గొంతుల కేక. బ్రేకును నమ్ముకోకూడదన్న పాఠం మరిచిపోయి రెండు కాళ్ళతోనూ తొక్కాను. బస్సు ఆగింది.

జరిగిందేమిటో శీనయ్య చెప్పగానే కావమ్మ ఒంటికాలి మీద లేచింది. “పెళ్ళయినకాణ్ణించి నా మాట ఒక్కటి ఇనింది లేదు! అల్లుడు చెప్పంగానే చెయ్యి మార్చినాడే!”

ఇప్పుడాయన చెయ్యి పడవదా, బస్సుదా? నేను మళ్ళీ మారితే ఆయనా మళ్ళీ మారడని నమ్మకమేమిటి? ఆ అయోమయంలో ఆయన చేతిని వదిలేసి మనిషి వంక చూశాను. మొదటిసారి ఎడమ చెయ్యి చాచినప్పుడూ, రెండోసారి కుడి చెయ్యి చాచినప్పుడూ, ఆయన నిలబడింది మాత్రం కుడివైపు, కొండరాయి పక్కన. ఒక్కసారి కూడా కాలు లోయ అంచుకు పోలేదు.

బస్సును మళ్ళీ రోడ్డు మీదికి తీసి, కిటికీలోంచి కేకేశాను. “పోలయ్యన్నా, చేతులు రెండూ వెనక్కి కట్టుకోని రోడ్డు మధ్యలో నడు. నీ వీపు చూసుకుంటా నేనొస్తా.”

“చెయ్యి చూపించకుండా దారెట్ట చెప్పేదబ్బా?”

“చెప్పొద్దు. నడు.”

ఆయనకది చాలా అవమానంగా తోచింది. అయినా నడిచాడు. తెల్ల తువ్వాలు ముందు, ఫస్ట్ గేరులో బస్సు వెనక. లాగ్‌షీట్ ప్రకారం మేమలా దిగింది నాలుగు కిలోమీటర్లు. నా లెక్కలో అది నెల్లూరు నుంచి కాశీకి ఉన్నంత. ఆరుకు అయిదు నిమిషాలుందనగా మంచులోంచి కింది గేటు ప్రత్యక్షమైంది.

అక్కడి గార్డు, వెనక్కి కట్టుకున్న చేతులతో తలవంచుకుని వస్తున్న మనిషినీ, వెన్నంటి వస్తున్న బస్సునూ చూసి, ఇతను ఏం నేరం చేశాడని తమిళంలో అడిగాడు.

“చెయ్యి చూపించినా సామీ, అదే నేరం” అన్నాడు పోలయ్య.

రెండు నిమిషాలకు మమ్మల్ని తరుముకొచ్చిన మోత కూడా గేటు చేరింది. లారీ కాదు, ఏనుగూ కాదు. లారీ హారన్ బిగించుకున్న అరటిగెలల ట్రాలీ ఆటో.

డిపోలో ఉన్న మిగతా నెలలూ కొత్త డ్రైవర్లకు నేను చెప్పింది ఇంతే. దారి చూపడానికి దిగిన మనిషిని, ఇంతకుముందు దేనికి చూపించావని ముందే అడగాలి. అడిగే వ్యవధి లేకపోతే చేతిని వదిలేసి కాళ్ళను చూడాలి. లోయ వైపు చెయ్యి చూపించేవాడు కూడా అటువైపు అడుగు వెయ్యడు.